పెరటికి బ్రామ్లీ: ఒక పాత ఆపిల్ రకం గుణగణాలు

బ్రామ్లీ సీడ్లింగ్ ఇంగ్లండులో పుట్టిన వంట ఆపిల్. పచ్చిగా కొరికితే పళ్లు పులుస్తాయి. పొయ్యి మీద పెడితే నిమిషాల్లో పొంగి, విచ్చుకుని, తెల్లని గుజ్జయిపోతుంది. రెండు వందల ఏళ్లు దాటినా ఈ రకం మూలన పడలేదు. బ్రిటన్‌లో వంట ఆపిల్ అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఇదే. పాత ఇళ్ల పెరళ్లలో దీని చెట్లు ఇంకా కాస్తూనే ఉన్నాయి.

పాత రకం చెట్టు పెట్టాలనుకునేవారు దాని పేరు చూసి మురిసిపోయే ముందు గుణం తెలుసుకోవాలి. బ్రామ్లీ మంచిచెడ్డలు చాలావరకు రెండు లక్షణాల నుంచే వస్తాయి. మొదటిది కాయలోని పులుపు. రెండోది చెట్టు కణాల్లో మామూలు కన్నా ఎక్కువగా ఉన్న క్రోమోజోములు. చెట్టు ఎంత పెరుగుతుంది, పక్కన ఏ చెట్లు ఉండాలి, కాయ ఎన్నాళ్లు నిలుస్తుంది, దేనికి పనికొస్తుంది అన్నవన్నీ చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తాయి. మేలును ఉంచుకుని ఇబ్బందిని వదిలించుకోవడం కుదరదు. రెండింటికీ సిద్ధపడినవారికే ఈ చెట్టు లాభం.

ఒకే చెట్టు సంతానం

1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ అనే చిన్న పట్టణంలో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ అనే అమ్మాయి కుండీలో ఆపిల్ గింజలు నాటింది. మొలిచిన వాటిలో ఒకటి పెరట్లో చెట్టయింది. 1846లో ఆ ఇంటిని మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి కొన్నాడు. 1856లో, నర్సరీ పనిలో ఉన్న పదిహేడేళ్ల హెన్రీ మెర్రీవెదర్ ఆ చెట్టు కాయలు చూసి, అంటు కట్టుకోవడానికి కొమ్మలు ఇమ్మని అడిగాడు. కాయకు తన పేరే పెట్టాలన్న షరతు మీద బ్రామ్లీ ఒప్పుకున్నాడు. అలా గింజ నాటిన అమ్మాయి మరుగున పడి, ఇల్లు కొన్నాయన పేరు నిలిచింది. 1862 అక్టోబరు 31న మూడు బ్రామ్లీ ఆపిళ్లు రెండు షిల్లింగులకు అమ్మినట్టు మెర్రీవెదర్ లెక్కల పుస్తకంలో పద్దు ఉంది. 1876లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పండ్ల కమిటీ ఈ రకాన్ని మెచ్చుకుంది. 1884లో ఉత్తర ఐర్లండులోని ఆర్మా ప్రాంతానికి మొక్కలు చేరాయి. అక్కడ అది ఎంతగా స్థిరపడిందంటే, ఆర్మా బ్రామ్లీకి 2012లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఆపిల్ గింజ నాటితే తల్లి గుణం రాదు. ప్రతి గింజా కొత్త రకమే. అందుకే బంగినపల్లి మామిడి లాగే బ్రామ్లీ కూడా తరతరాలుగా అంటు మీదే నడుస్తోంది. ఈ రోజు ప్రపంచంలో ఉన్న బ్రామ్లీ చెట్లన్నీ సౌత్‌వెల్ పెరటి చెట్టు కొమ్మలకు కొనసాగింపే. ఆ తల్లి చెట్టు 1900లో గాలివానకు కూలి, పడినచోటే మళ్లీ చిగిర్చి నిలబడింది. తర్వాతి కాలంలో దానికి హనీ ఫంగస్ అనే శిలీంధ్రం సోకింది. తల్లి చెట్టు పోతే దాని నకలైనా మిగలాలని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కణజాల వర్ధనం ద్వారా దాని మొక్కలు తయారు చేశారు.

కొనేవారికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. గింజ నుంచి పెంచిన మొక్క బ్రామ్లీ కాదు. నమ్మకమైన నర్సరీలో రకం పేరు, వేరు మూలం (అంటుకు ఆధారమైన కింది మొక్క) పేరు రెండూ రాసిన చీటీ ఉన్న అంటు మొక్కే తీసుకోవాలి. బ్రామ్లీ కొమ్మల్లో సహజంగా వచ్చిన మార్పుల నుంచి ఎంపిక చేసినవి కూడా దొరుకుతాయి. క్రిమ్సన్ బ్రామ్లీ తోలు ఎర్రగా ఉంటుంది, వంట గుణం మాత్రం అదే. క్లోన్ 20 అనే ఎంపిక అసలు బ్రామ్లీ కన్నా కాస్త తక్కువ ఎత్తు పెరుగుతుంది. చిన్న పెరటికి దీన్ని అడిగి తీసుకోవడం మేలు.

కాయను గుర్తుపట్టడం

బ్రామ్లీ పెద్ద కాయ. పై నుంచీ కింద నుంచీ కాస్త నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. చాలా కాయలు ఒక పక్కకు ఒరిగి, గుండ్రదనం కుదరక వంకరగా కనిపిస్తాయి. తోలు నిగనిగలాడే ఆకుపచ్చ. ఎండ తగిలిన వైపు గోధుమ కలిసిన ఎరుపు, దాని మీద చెదిరిన చారలు ఉంటాయి. తొడిమ పొట్టిగా, లావుగా ఉంటుంది. కింది వైపు పువ్వు ఎండి మిగిలిన కన్ను పెద్దదిగా, తెరుచుకుని కనిపిస్తుంది. నిల్వ ఉన్న కొద్దీ పచ్చదనం పసుపుకు తిరుగుతుంది, తోలు చేతికి జిడ్డుగా తగులుతుంది. ఆ జిడ్డు కాయ మీద సహజంగా పుట్టే మైనమే. పాడైందని పారేయనక్కర్లేదు.

కాయను అడ్డంగా కోస్తే పచ్చని ఛాయ ఉన్న తెల్ల కండ కనిపిస్తుంది. రసం ఎక్కువ. గింజల గదుల్లో నిండుగా ఉబ్బిన గింజలు తక్కువ. కొన్ని తాలు గింజలు, కొన్ని గదులు ఖాళీ. ఆ తాలు గింజలకు కారణం క్రోమోజోముల్లో ఉంది.

మూడు వరసల క్రోమోజోములు

ఆపిల్‌లో ఒక వరసకు 17 క్రోమోజోములు. మామూలు రకాల్లో రెండు వరసలు, అంటే 34 ఉంటాయి. బ్రామ్లీలో మూడు వరసలు, అంటే 51. ఇలాంటి మొక్కలను త్రయస్థితికాలు అంటారు. తినే అరటి రకాల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే. వాటిలో గింజలు లేకపోవడానికీ ఇది ఒక కారణం.

మూడు వరసలు కణ విభజన సమయంలో సమానంగా రెండు పాళ్లు కావు. అందుకని గింజల్లో చాలా వరకు తాలు పోతాయి, పుప్పొడిలో చాలా భాగం పనికిరానిదవుతుంది. ఇదే స్థితి చెట్టుకు బలం కూడా ఇస్తుంది. ఆకులు పెద్దవి, మందమైనవి. కొమ్మలు లావుగా, విశాలంగా పరుచుకుంటాయి. చెట్టు దీర్ఘాయుష్షుతో ఉంటుంది, ముసలి చెట్లు కూడా దండిగా కాస్తాయి.

సాధారణంగా రెండు వేర్వేరు రకాల ఆపిల్ చెట్లు పక్కపక్కన ఉంటే ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి సరిపోతుంది. బ్రామ్లీ పుచ్చుకుంటుందే తప్ప తిరిగి ఇవ్వలేదు. అందువల్ల బ్రామ్లీతో పాటు మరో రెండు రకాలు ఉండాలి. ఆ రెండూ బ్రామ్లీకి పుప్పొడి ఇస్తూ, ఒకదానికొకటి కూడా ఇచ్చుకుంటాయి. ఆ రెండూ మామూలు రెండు వరసల (ద్వయస్థితిక) రకాలై, బ్రామ్లీతో కలిసి పూయాలి. జేమ్స్ గ్రీవ్, గ్రెనేడియర్, డిస్కవరీ, వూస్టర్ పియర్‌మెయిన్ ఇందుకు పనికొస్తాయి. గోల్డెన్ హార్నెట్ లాంటి క్రాబ్ ఆపిల్ కూడా పుప్పొడి బాగా ఇస్తుంది.

ఇంత చోటు అందరికీ ఉండదు. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్లలో తేనెటీగలకు కంచెలు అడ్డం కావు కాబట్టి పక్కింటి పెరట్లోని ఆపిల్ చెట్లు కూడా లెక్కలోకి వస్తాయి. మొక్క కొనే ముందు ఏప్రిల్, మే నెలల్లో చుట్టుపక్కల ఏయే ఆపిల్ చెట్లు పూస్తున్నాయో చూసుకుంటే ఒక మొక్క ఖర్చు తప్పవచ్చు. ఆ సమయంలో పురుగుమందు చల్లితే తేనెటీగలు చనిపోయి కాపే పోతుంది.

వేరు మూలం, స్థలం

ఆపిల్ చెట్టు ఎత్తును చాలావరకు నిర్ణయించేది కింద ఉన్న వేరు మూలం. బ్రిటన్‌లో వాడే వేరు మూలాల్లో ఎక్కువ భాగం కెంట్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంతో ముడిపడినవి. వాటి పేర్లలోని ‘ఎం’ అక్షరం అక్కడిదే. బ్రామ్లీ స్వతహాగా జోరుగా పెరిగే రకం కాబట్టి, వేరే రకానికి సరిపోయే వేరు మూలం మీద ఇది ఒక మెట్టు పైకే పోతుంది. చీటీ మీద రాసిన ఎత్తుకు కొంత కలుపుకుని చోటు చూసుకోవాలి.

– ఎం27: అన్నిటికన్నా పొట్టిది. పెద్ద కుండీకి, మరీ చిన్న పెరటికి. సారమైన నేల, క్రమంగా నీరు, ఎప్పటికీ ఊతకర్ర కావాలి.

– ఎం9: పొట్టి చెట్టు, త్వరగా కాపు. వేళ్లకు పట్టు తక్కువ కాబట్టి దీనికీ శాశ్వతంగా కర్ర ఉండాలి.

– ఎం26: మధ్యస్థంగా పొట్టి. సాధారణ పెరటి బ్రామ్లీకి తగినది.

– ఎంఎం106: మధ్యరకం అనే పేరే గానీ, బ్రామ్లీ దీని మీద పెద్ద చెట్టే అవుతుంది. చుట్టూ కనీసం ఐదు మీటర్లు వదలాలి.

– ఎం25: పాతకాలపు తోట చెట్టు. నిచ్చెన వేసుకుని కోయాలి. విశాలమైన స్థలం ఉన్నవారికే.

నాటడానికి అనువైన కాలం నవంబరు నుంచి మార్చి వరకు, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు. నేల గడ్డకట్టినా, నీళ్లు నిలిచినా ఆగాలి. అంటు కట్టిన కణుపు నేలకు పైనే ఉండాలి. అది మట్టిలో కూరుకుపోతే పైన ఉన్న బ్రామ్లీ భాగమే సొంత వేళ్లు వేస్తుంది, వేరు మూలం పెట్టిన కట్టుబాటు తప్పి చెట్టు ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది.

గులాబి రంగు చిందిన పెద్ద పూలు ఈ చెట్టుకు అందం. వసంతంలో ఆలస్యంగా పడే మంచుకు అవి మాడిపోతాయి. చలిగాలి దిగి నిలిచిపోయే పల్లపు చోటు కన్నా కాస్త మెరకగా, ఎండ తగిలే చోటు మంచిది. వంట ఆపిల్ కాబట్టి తినే రకాలంత ఎండ దీనికి అక్కర్లేదు, కొద్దిపాటి నీడను ఓర్చుకుంటుంది.

చలికాలం మాత్రం తప్పనిసరి. శీతాకాలపు చల్లదనం చాలినంత అందకపోతే ఆపిల్ మొగ్గ సరిగా విచ్చుకోదు. లంబసింగి, చింతపల్లి కొండల్లోనూ, ఆసిఫాబాద్ జిల్లా కెరమెరిలోనూ ఆపిల్ ప్రయోగాలు జరిగింది తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలతో. ఎక్కువ చలి కోరే బ్రామ్లీ వాటి జాబితాలో చేరదు. ఇంగ్లండు, ఐర్లండు లాంటి చల్లని దేశాల్లో స్థిరపడినవారికే ఇది పెరటి చెట్టు.

కత్తిరింపు

కొన్ని ఆపిల్ రకాలు పాత కొమ్మల మీది పొట్టి కణుపు రెమ్మల మీద కాస్తాయి. కొన్ని కొత్త రెమ్మల చివర కాస్తాయి. బ్రామ్లీ రెండు విధాలా కాస్తుంది. చలికాలంలో రెమ్మ చివర చూస్తే తేడా తెలుస్తుంది. పూమొగ్గ ఉబ్బుగా, నూగుతో ఉంటుంది. ఆకుమొగ్గ సన్నగా, రెమ్మకు అంటుకుని ఉంటుంది. అందంగా ఉండాలని రెమ్మల చివర్లన్నీ కత్తెరతో సమానంగా తీసేస్తే ఆ ఏటి కాపులో పెద్ద భాగం కత్తిరింపుల కుప్పలోకే పోతుంది. గోడకు పరిచి పెంచే పద్ధతులకు బ్రామ్లీ నప్పకపోవడానికి కూడా కారణం ఇదే.

తగిన పద్ధతి పాత కొమ్మలను తీసి కొత్తవాటికి చోటివ్వడం. నవంబరు తర్వాత, మార్చి లోపు ఈ పని చేయాలి. ముందు ఎండినవి, తెగులు సోకినవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి తీసేయాలి. తర్వాత ముసలి కొమ్మల్లో కొన్నిటిని బలమైన పడుచు రెమ్మ దగ్గరికి కోయాలి. గిన్నె ఆకారంలో మధ్య ఖాళీగా ఉంటే గాలి, వెలుతురు లోపలికి ఆడతాయి. ఒకే ఏడు ఎక్కువ కోస్తే చెట్టు నిలువు రెమ్మలను గుబురుగా తోసి పగ తీర్చుకుంటుంది. అడవిలా పెరిగిన పాత బ్రామ్లీని దారికి తేవాలంటే ఆ పనిని మూడు నాలుగు చలికాలాలకు పంచాలి.

కాపు, పిందె తీత, తెగుళ్లు

బ్రామ్లీ దండిగా కాస్తుంది. వదిలేస్తే ఏడాది విడిచి ఏడాది కాసే అలవాటులో పడుతుంది. జూన్‌లో చెట్టు కొన్ని పిందెలను తానే రాలుస్తుంది. ఆ తర్వాత గుత్తికి ఒకటి చొప్పున, కాయకూ కాయకూ మధ్య జానెడు దూరం ఉండేలా మిగిలినవి తీసేయాలి. గుత్తి మధ్యలోని పిందె తరచు వంకరగా ఎదుగుతుంది, ముందు దాన్నే తీయాలి. ఇలా చేస్తే కాయ నిండుగా వస్తుంది, మరుసటి ఏటి పూమొగ్గకు చెట్టులో సత్తువ మిగులుతుంది, బరువుకు కొమ్మ విరగదు.

వానలెక్కువున్న చోట స్కాబ్ అనే మచ్చ తెగులు ముఖ్యమైన బెడద. ఆకుల మీద, కాయల మీద నల్లని గరుకు మచ్చలు వస్తాయి. రాలిన ఆకులను ఊడ్చి తీసేయడం, కొమ్మల మధ్య గాలి ఆడేలా చూడటం సగం వైద్యం. తడి నేలలో కాంకర్ వల్ల బెరడు పగిలి పుండ్లు పడతాయి. సోకిన భాగాన్ని ఆరోగ్యమైన చెక్క కనిపించేదాకా కోసేయాలి.

కాయ పెద్దదవడం వల్ల వచ్చే ఇబ్బంది బిట్టర్ పిట్. తోలు మీద చిన్న గుంటలు, వాటి కింద గోధుమ రంగు చేదు మచ్చలు ఏర్పడతాయి. ఇది పురుగు పనీ, శిలీంధ్రం పనీ కాదు. కాయకు కాల్షియం చాలకపోవడం. నేలలో కాల్షియం ఉన్నా నీరు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే అది కాయ దాకా చేరదు. ఎండాకాలంలో క్రమంగా నీరు పెట్టడం, పాదులో ఆకుచెత్త కప్పడం, నత్రజని ఎరువు మితిమీరకుండా చూడటం దీనికి మందు.

కోత, నిల్వ

సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా కోత. కాయను అరచేతిలో పట్టి కాస్త పైకెత్తి తిప్పితే తొడిమతో సహా సులువుగా రావాలి. లాగాల్సి వస్తే ఇంకా సమయం ఉన్నట్టే. రాలిన కాయలు, గీతలు పడినవి, పురుగు తొలిచినవి ముందుగా వంటకు వాడుకోవాలి. నిల్వకు మచ్చలేని, తొడిమ ఊడని కాయలే పనికొస్తాయి.

చీకటిగా, చల్లగా, గడ్డకట్టని చోట ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పేర్చాలి. ఒక్కో కాయను వార్తాపత్రిక ముక్కలో చుడితే ఒకటి కుళ్లినా పక్కదానికి పాకదు. త్వరగా పండే రకాలను వీటితో కలిపి ఉంచకూడదు. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు వీటినీ తొందరపెట్టి పండిస్తుంది. వారానికోసారి చూసి, మెత్తబడినవి ఏరేస్తే కాయలు మార్చి దాకా వస్తాయి.

ఈ నిలవగుణం ఆధునిక శీతల గిడ్డంగుల చరిత్రలోనూ చోటు సంపాదించింది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ గదిలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు పెంచి, ప్రాణవాయువు తగ్గిస్తే పండు శ్వాసక్రియ మందగిస్తుందని చూపారు. వారి పరిశోధన ఆధారంగా 1929లో కెంట్‌లోని కాంటర్‌బరీ దగ్గర కట్టిన తొలి వాణిజ్య గిడ్డంగిలో నిల్వ చేసింది బ్రామ్లీ కాయలనే. కోత కాలం దాటాక కూడా ఈ కాయ మార్కెట్లో దొరకడం వెనుక ఉన్నది ఈ పద్ధతే. మరీ చల్లగా ఉంచినా బ్రామ్లీకి పనికిరాదు, లోపలి కండ గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే గిడ్డంగుల్లో దీన్ని సున్నా దగ్గర కాకుండా 4 డిగ్రీల అటూఇటూ ఉంచుతారు.

వంటలో

తినే ఆపిళ్లలో నిల్వ ఉన్నకొద్దీ, ఉడికిన కొద్దీ పులుపు పోయి చప్పని తీపి మిగులుతుంది. బ్రామ్లీలో మాలిక్ ఆమ్లం ఎంత ఎక్కువంటే, చక్కెర వేసి ఉడికించాక కూడా ఆపిల్ రుచి తెలుస్తూనే ఉంటుంది. వేడి తగిలితే కండలోని కణాల మధ్య పట్టు త్వరగా వదులుతుంది, ముక్క నిలబడకుండా విచ్చుకుంటుంది. గుజ్జు కావాలనుకున్న చోట ఇది వరం. ముక్క ముక్కగా కనిపించాల్సిన చోట ఈ కాయ వాడకూడదు.

మామూలు గుజ్జుకు అరకిలో కాయల చెక్కు తీసి, గింజల భాగం తొలగించి, పలచని ముక్కలు కోయాలి. పులుపు ఎంతున్నా కోసిన ముక్క రంగు మారుతుంది కాబట్టి పొయ్యి మీద పెట్టేవేళకే కోసుకోవడం మంచిది. స్టీలు గిన్నెలో రెండు మూడు చెంచాల నీళ్లతో మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచితే, ముక్కల అంచులు ముందు తెల్లబడి నురుగులా ఉబ్బుతాయి. పది నిమిషాల్లో గరిటె తిప్పగానే గుజ్జవుతుంది. చక్కెర చివర రుచి చూసి వేయాలి, ఎందుకంటే అక్టోబరు కాయకూ ఫిబ్రవరి కాయకూ పులుపులో తేడా ఉంటుంది. పులుపు తినే అల్యూమినియం గిన్నె వాడకపోవడం మేలు. ఈ గుజ్జు పై, క్రంబుల్ లాంటి తీపి వంటకాలకూ, పంది మాంసం పక్కన సాస్‌గానూ ఇంగ్లండులో ఇంటింటా వాడుక.

కాయను ముక్కలు చేయకుండా కాల్చడం రెండో పద్ధతి. మధ్యలోని గింజల భాగం దొలిచి, ఎండుద్రాక్ష, బెల్లపు రంగు చక్కెర, కాస్త వెన్న కూరి, 180 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావుగంట ఉంచాలి. ముందుగా కాయ నడుము చుట్టూ చాకుతో తోలు మీద సన్నని గాటు పెట్టకపోతే కండ పొంగి కాయ పగులుతుంది.

పచ్చి మామిడి దొరకని చోట తెలుగు వంటకూ ఈ కాయ అక్కరకొస్తుంది. తురిమి పులిహోరలో కలపవచ్చు. పప్పులో వేసేటప్పుడు పప్పు ఉడికాక చివర్లో వేయాలి, ముందే వేస్తే ముక్క ఆనవాలు కూడా మిగలదు. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి పచ్చడి పెట్టుకోవచ్చు గానీ, మామిడి ముక్క గట్టిదనం దీనికి లేదు. ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజుల్లో తినేయాల్సిన పచ్చడి ఇది, ఏడాది జాడీలోకి పనికిరాదు.

మొక్క కొనే ముందు

ఇంట్లో ఒక్క ఆపిల్ చెట్టుకే చోటుండి, కోసుకుని తినడమే ఉద్దేశమైతే బ్రామ్లీ సరైన ఎంపిక కాదు. చుట్టుపక్కల పుప్పొడి ఇచ్చే చెట్లు లేకపోయినా, మంచు నిలిచే పల్లమైనా, కత్తిరింపుకు ఏటా ఒక రోజు కేటాయించలేకపోయినా వేరే రకం చూసుకోవడమే నయం. వంటకు ఆపిల్ తరచు వాడే ఇల్లు, చలికాలమంతా కాయలు దాచుకోవడానికి చల్లని గది, ఎం26 గానీ క్లోన్ 20 గానీ పట్టేంత జాగా, పూత కాలంలో తేనెటీగల రాకపోకలు ఉన్నచోట మాత్రం ఈ చెట్టు పెట్టిన మూడు నాలుగేళ్లకు కాపు మొదలుపెట్టి, నాటినవారి తర్వాతి తరానికి కూడా కాస్తుంది.